ఆరు అమావాస్యలు

మా అమ్మకు నోరు పెద్దది. మణవాళనగర్‌లో మా వీధి కొళాయి దగ్గర ఆమె గొంతు లేచిందంటే మిగతా బిందెలన్నీ పక్కకు జరిగేవి. అంత నోరున్న మనిషికి ఒక్క మాట మాత్రం పెగల్లేదు.

తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడికి ప్రతి అమావాస్యకూ వెళ్ళేవాళ్ళం. ఒంట్లో ఎక్కడ బాగాలేకపోతే ఆ అవయవం అచ్చువేసిన వెండిరేకు గుడిముందు అంగట్లో కొని హుండీలో వేస్తారు, నయమవుతుందని. కన్ను, చెయ్యి, కాలు, అన్నీ దొరికేవి. ఆ ఏడు ఆడి నెల అమావాస్యకు అమ్మ మోకాలు నొప్పంది. తీరా అంగట్లో కాలు రేకు వదిలేసి, నిండు ఆడమనిషి రేకు తీసింది.

"మోకాలికి మనిషంతా ఏంటికి?" అన్నాను.

"మనిషిలో మోకాలు లేదా మే? నోరు మూసుకోని రా."

"దేవుడికే టోపీ పెడతా ఉండావు" అని నవ్వాను. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. ఆ తర్వాత అమ్మ బతికింది నాలుగేళ్ళే. ఆ నాలుగేళ్ళూ ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ పైన ప్రతి అమావాస్యకూ అదే రేకు. శుక్రవారం తలంటుకు వీపు రుద్దమని కేకేసే మనిషి పిలవడం మానేసింది. స్నానాలగది గడియ పెట్టుకునేది. మార్గళి నెలలో, అమావాస్య దాటాక ఒక పొద్దున ఆ గడియ సరిగా పడలేదు. వేణ్ణీళ్ళ బిందెతో తలుపు తోసుకుని వెళ్ళాను. ఆమె తువ్వాలు అందుకునేలోపే చూసేశాను. ఎడమ రొమ్ము మీద చర్మం నారింజ తొక్కలా గుంటలు పడి ఉంది. మొన లోపలికి లాక్కుపోయింది. బిందె కింద పెట్టాను.

"ఏందిమా ఇది?"

"గడ్డ. నొప్పి ల్యా. నొప్పి ల్యాని దానికి డాక్టరేంటికి? మీ నాయనకు చెప్తే నీతో మాట్లాడను."

"మాట్లాడొద్దులే. పద."

సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాను. "ఎత్తన నాళా ఇరుక్కు?" అని అడిగిందామె. ఎన్నాళ్ళుగా ఉందని. అమ్మ నేల చూస్తూ, ఒక వారమంది. డాక్టరమ్మ చీటీ మీద అదే రాయబోయింది. నాకు ఆడమనిషి రేకు కళ్ళముందు కదిలింది. ఆడి, ఆవణి, పురట్టాసి అని మార్గళి దాకా నెలలు లెక్కపెడుతూ వేళ్ళు మడిచాను. అమ్మ నా వైపు చూసింది. చిన్నప్పటి నుంచీ ఆ చూపుకు హడలిపోయేదాన్ని.

"వారం కాదండీ. ఆరు అమావాస్యలు" అన్నాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి చంక దాకా వేళ్ళతో ఒత్తి చూసింది. చాలాసేపు చూసింది. గడ్డలన్నీ చెడ్డవి కావంది. గడ్డ కదలకుండా ఉన్నా, చర్మం ఇలా గుంటలు పడినా, మొన లోపలికి పోయినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదంది. నొప్పి లేదు కదా అనుకోవడమే ఆడవాళ్ళందరూ చేసే తప్పంది. మద్రాసు పెద్దాసుపత్రికి ఉత్తరం రాసి ఇచ్చింది. ఆ రాత్రి నాయనకు నేనే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే కరెంటు రైలెక్కాం. నాయన పక్క పెట్టెలో, మేమిద్దరం ఆడవాళ్ళ పెట్టెలో. అన్నంత పనీ చేసింది అమ్మ, నాతో ఒక్క మాట లేదు. పట్టాభిరాం దాటింది, ఆవడి దాటింది. సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ బయటికే చూస్తోంది. ఆమె కోపం గురించి నాకు బెంగ లేదు. అక్కడా వారమే అంటుందేమోనని భయం. అంటే మళ్ళీ నేనే నోరు విప్పాలి, అంతమంది ముందు.

అంబత్తూరు దగ్గర ఇటు తిరిగింది.

"ఆడ అడిగితే ఆరని చెప్పొద్దు మే" అంది, ఎవరూ వినకుండా. "ఎనిమిది."

"ఆడి నుంచి ఆరే గదామా?"

"దానికి ముందు రెండు నెల్లు, ఆ రేకు కొనేదానికి గూడా నాకు సిగ్గయినాది."