దభ్‌మనే కెమెరా, ఖాళీ ఫ్రేము

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెడితే నన్ను మరీ ముసలిదాన్ననుకుంటారేమో, అందుకని ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పబోయే రోజుల్లో మా వైపు సెల్‌ఫోన్లు వచ్చేశాయి, వాటిలో కెమెరాలు కూడా ఉన్నాయి. కాకపోతే వాటితో ఫోటో తీస్తే మనిషి తడిగోడ మీది మరకలా వచ్చేవాడు. జహీరాబాద్‌ స్టూడియోలవాళ్లేమో కొత్తగా కంప్యూటర్లు తెచ్చుకుని, ఆ ఉత్సాహంలో ఎవరు దొరికితే వారికి కోటు తొడిగి, టై కట్టి, మొహం తెల్లగా తోమి, వెనకాల మంచుకొండలు నిలబెట్టి పంపించేవారు. న్యాల్‌కల్ నుంచి వచ్చిన ఒక రైతు అలా ఫోటో దిగి ఇంటికి తీసుకెళ్తే, ఆయన భార్య ఈ సారెవరని అడిగిందట (నిజమో అబద్ధమో తెలియదు, మా ప్రెస్సులో మాత్రం రోజూ చెప్పుకునేవాళ్లం).

ప్రెస్సు అంటే పేపరు ఆఫీసు కాదు, పెళ్లిపత్రికలు అచ్చువేసే చిన్న దుకాణం. డిగ్రీ అయ్యాక నేను రోజూ మా ఊరు చిరాగ్‌పల్లి నుంచి ఆటోలో జహీరాబాద్ వెళ్లి అందులో పనిచేసేదాన్ని. నా ఉద్యోగమంతా చీకటి గదిలోనే. వధూవరుల పేర్లను ఫిలిం మీదికి ఎక్కించి, ఎర్రబల్బు వెలుతురులో మందునీళ్ల ట్రేలలో ముంచి తీసి, తీగకు ఆరేయడం. ఇంట్లో ఎవరైనా అడిగితే ఆఫీసు పని అని గొప్పగా చెప్పేదాన్ని గాని, సాయంత్రానికి వేళ్ల గోళ్లు గోధుమరంగుకు తిరిగి, ఒళ్లంతా మందు వాసన వేసేది. యజమానిని ఊరంతా ప్రెస్ చాచా అని పిలిచేది. ఆయన ఒకరోజు అటక ఖాళీ చేయిస్తూ, నల్లతోలు అంటించిన చెక్కడబ్బా ఒకటి కిందికి దించి నా ముందు పెట్టాడు.

“మా అబ్బాజాన్ కెమెరా బేటీ. ఇండ్ల అద్దం పలకలు నిలవెడ్తరు. ముంగటి దాని మీద ఫోటో తీస్తె, ఈ పుల్ల నూకాలె. అది దభ్‌మని కింద పడ్తది, ఎనకది ముంగటికొస్తది. నీకు కావాల్నా? తీస్కపో. నాకు జర జాగా అయితది,” అన్నాడు.

డబ్బాతోపాటు, పలకల్ని బిగించే రేకు చట్రాలు, నల్లకాగితంలో చుట్టిన పాత అద్దం పలకలు కొన్ని దొరికాయి. పలకలు చాలకపోతే ప్రెస్సులో మిగిలిన ఫిలిం ముక్కలు కత్తిరించి చట్రాల్లో పెట్టుకోవచ్చని చాచా చెప్పాడు. ఫిలిం పలచన కాబట్టి చట్రంలో వదులవుతుంది, దాని వెనక అట్టముక్క కావాలి. మా దగ్గర అట్టకు కొదవేముంది, పాడైన పెళ్లిపత్రికలు బస్తాలకొద్దీ ఉన్నాయి. అలా నా కెమెరా కడుపులో సగం అద్దాలు, సగం ‘మా జ్యేష్ఠ పుత్రిక చి.ల.సౌ.’లు చేరాయి. అద్దానికి మందు పూసిన వైపు ఏదో చీకట్లో తెలియకపోతే పలక మూలను తడి పెదవికి తగిలించమన్నాడు. అతుక్కున్న వైపు మందు ఉన్నట్టు. నేను శ్రద్ధగా పలకలన్నిటినీ ముద్దుపెట్టుకున్నాను. ఆ సాయంత్రం చాయ్‌లో కలిసిన మందు రుచి ఇప్పటికీ గుర్తుంది.

ఇక మా పెద్దనాయిన సంగతి. ఆయన మా నాన్నకు అన్న, మా రెండిళ్లకు మధ్య ఒకటే గోడ. ఏ పనైనా ముందుగా చేసిపెట్టుకోవడం ఆయనకు జబ్బులాంటిది. పదింటి బస్సుకు తొమ్మిదింటికే బొంబాయి రోడ్డు మీదికెళ్లి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బస్సు వచ్చే దిక్కు చూస్తూ నిలబడేవాడు. వానాకాలం గొడుగును ఎండాకాలంలోనే బాగుచేయించేవాడు. ఆ వరసలోనే, తాను పోయాక గోడకు పెట్టే ఫోటో పని కూడా తెమిల్చేసుకోవాలనుకున్నాడు. పోయే సూచనలేవీ కనబడలేదు. జొన్నరొట్టె ఒకటి తగ్గితే పెద్దమ్మతో గొడవపడేంత ఆరోగ్యంగా ఉన్నాడు. అయినా సరే, ముందుగదిలో వాళ్ల నాయిన ఫోటో పక్కన మేకు కొట్టించి, టేకుతో ఫ్రేము చేయించి, అద్దం కూడా వేయించి, ఖాళీగా తగిలించాడు. ఇంటికొచ్చిన చుట్టాలు ఇదేంటని అడిగితే, “గా జాగా నాది, పోయినంక,” అనేవాడు. ఆ మాట విన్నాక వాళ్లకు చాయ్ గొంతు దిగేది కాదు.

ఫ్రేము దొరికినంత సులువుగా ఫోటో దొరకలేదు. స్టూడియోవాళ్లు కోటు తొడిగిచ్చిన ఫోటోను ఆయన అక్కడే చింపేసి వచ్చాడు. “సచ్చినంక కోటేస్కొని ఏడికి పోవాలె నేను,” అన్నాడు. రంగు ఫోటోలు వెలిసిపోతాయి. పక్కనున్న వాళ్ల నాయిన ఫోటో మాత్రం, ఎప్పుడో బీదర్‌లో అద్దం పలక మీద తీసింది, తలకు చుట్టిన రుమాల మడతలతో సహా అలాగే ఉంది. మోకాళ్ల మీద చేతులు, బిగించిన పెదవులు, ఎవరికీ భయపడని చూపు. తన ఫోటో కూడా దాని పక్కన నిలబడేటట్టు ఉండాలని ఆయన ఆశ. ఆ ఆశ కొన్నేళ్లుగా మేకుకు ఖాళీగా వేలాడుతోంది. సరిగ్గా అప్పుడే నేను చంకలో నల్లడబ్బాతో ఆటో దిగాను.

“అద్దం మీద తీస్తదానే ఇది?” అని అడిగాడు.

“తీస్తది పెద్దనాయినా.”

“ఎలిసిపోదు గద?”

“తాత ఫోటో ఎలిసిందా మరి?”

ఆయన కాసేపు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, “అయితె ఐతారం పొద్దుగాల తియ్యి. నేను తయారుంట,” అన్నాడు. శనివారం సాయంత్రానికే తయారయ్యాడు.

ఆదివారం వాకిట్లో కుర్చీ వేశాం. చాచా నాకు నేర్పిన విద్యంతా ఒక్క ముక్కే: ఎండ నా వీపు మీద, ఆయన మొహం మీద పడాలి. కాబట్టి పెద్దనాయిన్ని సూర్యుడికి ఎదురుగా కూర్చోబెట్టాను. ఇస్త్రీ ధోతి, తెల్ల రుమాల, నూనె రాసి తిప్పిన మీసం. వాడకట్టంతా గోడల మీదికెక్కింది. డబ్బాను పొట్టకు ఆనించి పట్టుకుని, పైనున్న చిన్న గాజుబిళ్లలోకి వంగి చూడాలి. అందులో మనిషి బొటనవేలి గోరంత కనిపిస్తాడు, ఎండ పడితే అదీ కనబడదు. అందుకని నెత్తి మీదుగా చున్నీ కప్పుకుని అందులో దూరాను. బయటి లోకంతో నాకు ఇక సంబంధం లేదు.

“కదలకు పెద్దనాయినా,” అన్నాను. ఆయన ఊపిరి బిగబట్టాడు. మీట నొక్కితే బల్లి పలికినట్టు టిక్‌మంది. అది నాకు వినబడింది, ఇంకెవరికీ వినబడలేదు. తర్వాత డబ్బాను కాస్త ముందుకు వంచి పుల్ల నెట్టాను. లోపల అద్దం, రేకు కలిసి దభ్‌మని పడ్డాయి. గోడల మీద జనమంతా సంతోషంగా నిట్టూర్చారు. నేను చున్నీలో ఉండగానే పెద్దమ్మ తన తీర్పు చెప్పేసింది (ఇది నాకు ఫోటోలు వచ్చాక గాని తెలియలేదు). “దభ్‌మన్నప్పుడు పడ్తున్నది ఫోటో. గంతసేపు ఊపిరి బిగవట్టుడెందుకు, మొకం ఎర్రగైతున్నది. సప్పుడైనప్పుడు సక్కగుంటె సాలు.” వాడకట్టు దీన్ని ఆమోదించింది. పెద్దనాయిన కూడా ఆమోదించాడు.

అక్కడినుంచి మా ఇద్దరి పనీ రెండు దారుల్లో నడిచింది. నేను కదలకు అనేదాన్ని, టిక్‌మనేది, ఆయన ఆ సమయాన తీరిగ్గా తన పనులు చూసుకునేవాడు. నేను డబ్బా వంచగానే సర్దుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పెదవులు బిగించి, వాళ్ల నాయినలా చూసేవాడు. దభ్. మళ్లీ ఒళ్లు వదిలేసేవాడు. ఒకసారి మాత్రం, “ఏడున్నవే బిడ్డా, ఎండకు ఏం కనబడ్తలేదు,” అన్న మాట చున్నీలోకి వినిపించింది. “ఈడనే ఉన్న, నువ్వు కదలకు,” అని టిక్ నొక్కేశాను. పలకలన్నీ అయిపోయాక తల బయట పెట్టి చూస్తే, పెద్దనాయిన రాజులా కూర్చుని ఉన్నాడు. “ఎట్లుండె?” అన్నాడు. “మస్తుండె,” అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

మర్నాడు ప్రెస్సు చీకటి గదిలో మొదటి పలకను మందులో వేశాను. ఎండాకాలం, ట్యాంకు నీళ్లు స్నానానికి కాచినట్టున్నాయి. ఎర్రబల్బు కింద పెద్దనాయిన మెల్లగా తేలాడు. రుమాల, మీసం, బిగించిన పెదవులు, అన్నీ ఉన్నాయి. ఆయన ఊపిరి బిగబట్టిన ఆ ఒక్క ఫోటో, ఆయన కోరుకున్న ఫోటో. దాన్ని నీళ్లలో కడుగుతుండగా మూల దగ్గర మందుపొర లేచింది. పాల మీది మీగడలా మొత్తం జారి, పెద్దనాయిన అద్దాన్ని వదిలేసి ట్రేలో ఈదడం మొదలుపెట్టాడు. నేను రెండు చేతులా పట్టుకోబోయాను. మీసం ఒకవైపు, రుమాల ఒకవైపు అయ్యాయి. మిగతాది తూములోకి వెళ్లిపోయింది. ఖాళీ అద్దంలోంచి ఎర్రబల్బు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఏడుపొచ్చింది గాని, చాచా బయటినుంచి ఎవరిదో పెళ్లి తొందరగా తెమల్చమని తలుపు కొడుతున్నాడు.

మిగతా పలకల్ని, ఫిలిం ముక్కల్ని కుండనీళ్లతో కడిగాను. అవి చక్కగా నిలిచాయి. నిలిచి ఏం లాభం? కాగితం మీదికి ఎక్కించి చూస్తే ఒక్కటీ పనికొచ్చేలా లేదు. ఒకదాంట్లో పెద్దనాయిన చెంబెత్తి నీళ్లు తాగుతున్నాడు, గొంతు తప్ప మొహం లేదు. ఒకదాంట్లో గోడ మీది ఎవరినో వేలు పెట్టి తిడుతున్నాడు. ఒకదాంట్లో పెద్దమ్మ కొంగుతో ఆయన మొహం తుడుస్తోంది, ఆయన కొంగు చివర్లో మాత్రమే ఉన్నాడు. వీపు గోక్కున్నది, ఆవలించింది, చెప్పు కోసం వంగింది, వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి ఎదురుగా చూస్తున్నాడు. ఆయన కాళ్ల దగ్గర నేల మీద పొడుగాటి నల్లటి నీడ.

ఆ ఫోటోలన్నీ చాచా చూశాడు. నవ్వొద్దని ఆయన చేసిన ప్రయత్నం నాకు కనబడింది. “బేటీ, టిక్కంటె ఫోటో, దభ్బంటె ఛుట్టీ. గీ ముక్క చెప్పలేదా నువ్వు ఆయనకు?” అన్నాడు. నాకు తెలిసింది కదా, అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను. ఆ వయసులో అలాగే అనిపిస్తుంది.

పెద్దనాయిన ఒక్కొక్కటే దూరంగా పట్టుకుని చూశాడు. “నేను గిట్ల కూసోలే,” అన్నాడు. వాడకట్టు మొత్తం ఆయన తరఫున సాక్ష్యం చెప్పింది. దభ్‌మన్న ప్రతిసారీ ఆయన కదలకుండా ఉన్నాడని ప్రమాణం చెయ్యడానికి సిద్ధపడ్డారు. అది నిజమే, నేనూ కాదనలేదు. “మరి గీ నల్లగున్నదేంది నా కాళ్ల కాడ?” అని నీడ చూపించాడు. నాదేనని ఒప్పుకున్నాను. ఆయన ఏమీ తిట్టలేదు, లేచి వెళ్లి ఖాళీ ఫ్రేము మీది దుమ్ము తుడిచి మళ్లీ తగిలించాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

అద్దాలైతే అయిపోయాయి, ఫిలిం మీద మళ్లీ తీస్తానని బతిమాలాను. ఒప్పుకున్నాడు గాని, ఈసారి టిక్ సంగతి తెలిసిపోయింది. ఆ చిన్న చప్పుడు ఎక్కడ తప్పిపోతుందోనని చెవులు రిక్కించి కూర్చున్నాడు. వచ్చిన ఫోటోలన్నిట్లో పక్కింటి గొడవ దొంగచాటుగా వింటున్న మనిషిలా ఉన్నాడు. పెద్దమ్మ వాటిని చూసి లోపలికెళ్లిపోయింది, కాసేపటికి వంటింట్లోంచి నవ్వు వినబడింది. పెద్దనాయిన డబ్బాను నాకు తిరిగి ఇచ్చేస్తూ, “పోనీ తీ బిడ్డా. తొందరేమున్నది,” అన్నాడు. ఆయన నోట ఆ మాట అదివరకెప్పుడూ ఎవరం వినలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ఫ్రేము ఖాళీగానే ఉంది. ప్రెస్సులో చీకటి గది పోయింది, నేను వేరే ఉద్యోగానికి పోయాను, పెళ్లయింది, ఫోన్లలో ఫోటోలు బాగా రావడం మొదలైంది. పెద్దనాయిన మాత్రం ఇంకెవరికీ ఫోటోకు కూర్చోలేదు. చివరికి ఆయన నిజంగానే పోయినప్పుడు, పదకొండో రోజుకు ఫోటో కావాలని ఇల్లంతా వెతికారు. ఆధార్ కార్డు దొరికింది (అందులో ఎవరు మాత్రం మనిషిలా ఉంటారు). దాన్నే పెద్దది చేయిస్తామని, వెనక ఆకాశం పెట్టిస్తామని మగవాళ్లు బయల్దేరుతుంటే, పెద్దమ్మ ట్రంకుపెట్టె తెరిచి నేను తీసిన ఫోటోలన్నీ బయట పెట్టింది. ఒక్కటీ పోలేదు. అందులోంచి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది తీసి ఇచ్చింది.

“గిది పెట్టున్రి. మనిషి గిట్లనే ఉంటుండె, బస్సుకు సూస్కుంట,” అంది.

ఫ్రేములు కట్టేవాడు కింద నల్లటి నీడ బాగాలేదని, అక్కడికి కత్తిరిస్తానని అన్నాడట. “అది మా పిల్ల, ఉండనియ్యి,” అని పెద్దమ్మ చెప్పింది.

ఇప్పుడు నేను ఫోటో తీసేటప్పుడు ఎవరికీ కదలకండని చెప్పను, చెప్పేలోపే తీసేస్తాను. మా పిల్లలు దీన్ని నా చేతగానితనం అంటారు. చిరాగ్‌పల్లి వెళ్లినప్పుడు పెద్దమ్మ ఇంటి ముందుగదిలో కాసేపు కూర్చుంటాను. గోడ మీద తాత ఎవరికీ భయపడకుండా చూస్తుంటాడు, పక్కన పెద్దనాయిన ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరినో వెతుకుతుంటాడు. గడప దాటి వచ్చినవాళ్లంతా ఆయన తమకోసమే చూస్తున్నాడనుకుంటారు, కొందరు ఆలస్యమైనందుకు నొచ్చుకుంటారు కూడా. ఆయన వెతికింది ఎవరినో నాకు తెలుసు. ఆయన కాళ్ల దగ్గరే ఉంది ఆ పిల్ల, నెత్తిన చున్నీ కప్పుకుని, మోచేతులు రెండూ బయటికి పొడుచుకొచ్చి, పొట్టకు డబ్బా ఆనించుకుని, లోకంలో ఎవరూ తీయనంత మంచి ఫోటో తీసేస్తున్నానన్న ధీమాతో. దాన్ని చూస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఎవరూ లేనప్పుడు, ఈడనే ఉన్న పెద్దనాయినా, అని మెల్లగా చెప్పి లేస్తాను.