రూతు ఎక్కనన్న రైలు

2022 ఏప్రిల్. ఓడలకు రంగులు వేయడం నా పని. ఇల్లు బ్రూక్షాబాద్‌లో, ఉద్యోగం డాక్‌యార్డులో. ఉప్పుగాలికి పట్టిన తుప్పు గీకడం, ప్రైమర్ అనే అడుగు పూత వేయడం, దాని మీద అసలు రంగు పూయడం, ఇరవై రెండేళ్లుగా ఇదే బతుకు. అలాంటి నన్ను బాంబూఫ్లాట్‌లో ఓ చిన్న బడి హెడ్‌మిస్ట్రెస్ మేరీ టీచర్ పిలిచి, వరండా గోడను రైలుపెట్టెలా మార్చమన్నారు. విశాఖ నుంచి ఓడలో రావాల్సిన మా ద్వీపాల్లో రైలు లేదు. పిల్లల్లో చాలామంది దాన్ని కళ్లతో చూడలేదు.

ఏ రంగు వేయాలన్న దగ్గరే పేచీ వచ్చింది. బడి వాచ్‌మన్ తాత ఇటుక రంగన్నాడు. పెళ్లి చేసుకోవడానికి శ్రీకాకుళం వెళ్లినప్పుడు ఆయన ఎక్కిన బండి అదట. టీచర్ నీలమన్నారు. నాదీ నీలమే. పద్దెనిమిదేళ్లప్పుడు విశాఖ నుంచి రాజమండ్రికి వెళ్లాను, అదొక్కసారే. కిటికీ పక్కన సీటు దొరికినందుకు పొంగిపోయాను. గుడ్డివాళ్లు ఏనుగును తడిమినట్టు, ఎవరు ఎక్కిన బండి వాళ్లకు రైలు. ఫోన్లో ఒక ఫొటో చూస్తే తేలిపోయేది. కానీ నా జ్ఞాపకం మీద నాకంత పొగరు. నీలమే వేశాను.

నేను పని చేస్తున్నంతసేపూ రెండో తరగతి రూతు పక్కనే కూర్చునేది. వాళ్ల నాన్న ప్రకాశ్ ఫెర్రీ మీద లష్కర్, అంటే జెట్టీ దగ్గర తాళ్లు వేసి పడవను కట్టే మనిషి. పాపకు గుండెలో రంధ్రం. ఆపరేషన్‌కు విశాఖ దాకా ఓడలో, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కు రైల్లో వెళ్లాలి. ఓడంటే దానికి లెక్కలేదు. రైలంటేనే హడల్.

"అంకుల్, అది మధ్యలో ఆగకపోతే?" అనడిగింది.

"ఎందుకాగదు? ఇదిగో, సేమ్ ఇదే బండి వస్తది. నీలం కనబడిందా, చల్‌, ఎక్కేయ్," అన్నాను.

ఆ రోజు నుంచి గోడ మీది తలుపు ముందు నిలబడి ఎక్కడం ప్రాక్టీస్ చేసేది. చూసి నేను లోలోపల తెగ మురిసిపోయాను.

మే నెలలో ఓ సాయంత్రం స్టేజింగ్ మీద ఉన్నాను. ఓడ పక్కన తాళ్లతో వేలాడదీసే పలకను అలా అంటాం. విశాఖ స్టేషన్ నుంచి ప్రకాశ్ ఫోన్.

"భయ్యా, పాప ఎక్కనంటంది. బండి ఎర్రగా ఉందంట. మన బండి కాదంట. డాక్టరేమో అస్సలు ఏడిపించొద్దన్నాడు, పెదాలు నీలంగా అయిపోతన్నాయి. బండి కదలడానికి పది మినిట్లే ఉంది. మీరే జరా సమ్‌ఝాయించండి, మీ మాటైతే వింటది. ఫోన్ దానికిస్తన్నా."

నా చేతిలో బ్రష్ ఆగిపోయింది. ఈ బండి తప్పితే ఆపరేషన్ తేదీ తప్పుతుంది. మళ్లీ తేదీ ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు.

"రూతూ, అది మన బండి తమ్ముడమ్మా," అన్నాను ముందు.

"అబద్ధం," అంది ఎక్కిళ్ల మధ్య.

నిజమే, అబద్ధమే. ఇంక బుకాయించబుద్ధి కాలేదు. "తప్పు నాదే తల్లీ. నేను రైలెక్కింది ఒక్కసారి, అదీ పాతికేళ్ల కిందట. అప్పటి రంగు వేసేశాను. ఇప్పుడవి ఎర్రగా ఉంటాయని నాకు తెలీదు."

రూతు ముక్కు ఎగబీల్చి అడిగింది: "మరి కింద ఎర్ర పట్టీ ఏది? దీనికి లేదు."

ఓడకు నీళ్లు తగిలే గీత దగ్గర వేసే ఆ పట్టీని బూట్‌టాపింగ్ అంటాం. అలవాటున చెయ్యి రైలుక్కూడా దాన్ని వేసేసిందని ఆ క్షణం దాకా నాకే తెలియలేదు.

"అది ఓడలకమ్మా. రైలుకుండదు. అదీ నా తప్పే."

"అంకుల్, మీకు రైలు వేయడం రాదు," అంది రూతు. నవ్విందో, ఎక్కిళ్లో తెలియలేదు. ప్రకాశ్ ఫోన్ లాక్కుని, "ఎక్కింది భయ్యా, తనే ఎక్కింది," అన్నాడు. బ్రష్ డబ్బా మీద పెట్టి, పలక మీద కూర్చున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆగస్టులో రూతు బడికి వచ్చింది, నన్ను పిలిపించింది. ఈసారి ఫొటోలు ముందు పెట్టుకుని, తను చెప్పినట్టల్లా ఎరుపు వేశాను. వాచ్‌మన్ తాతకు మాత్రం ఇప్పటికీ అది రైలు కాదు.

రంగంటే తుప్పుకు కాపలా, చూపుకు అందం అని అనుకుంటూ వచ్చినవాణ్ణి. అది మాట ఇవ్వడం కూడానని ఏడేళ్ల పిల్ల నేర్పింది. ఇప్పుడు ఏ గోడ దగ్గరైనా, ఏ పడవ దగ్గరైనా, డబ్బా మూత తీయకముందే అడుగుతాను: దీన్ని నమ్ముకుని ఎక్కేది ఎవరు?