మూఢంలో అన్నయ్య గుండె ఆపరేషన్

మా వీరభద్రం అన్నయ్యకి గుండె రక్తనాళాలు మూడు చోట్ల పూడుకుపోయాయని తేలి పది రోజులైంది. వీలైనంత త్వరగా బైపాస్ చేయించమని డాక్టర్లు చెప్పారు. అన్నయ్య సరేనన్నాడు, కాకపోతే శుక్రమూఢం వెళ్లాక అన్నాడు. మూఢం వచ్చి వారమే అయింది. వెళ్లేది ఫిబ్రవరిలో, మేమున్నది డిసెంబరు మొదటి వారంలో. వదిన ఫోన్‌లో ఈ మాట చెప్పగానే బ్యాగు సర్దేశాను. ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రి ల్యాబుల్లో పనిచేసి రిటైరైనదాన్ని. ఒక్క పూటలో ఒప్పించి ఆసుపత్రిలో చేర్పించగలనని నాకు గట్టి నమ్మకం.

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకి రాజమండ్రిలో రైలెక్కాను. సెకండ్ సిట్టింగ్ టికెట్ వంద లోపే. తాడేపల్లిగూడెంలో ఇడ్లీ పొట్లం కొన్నాను, చట్నీ బాగుంది, ఇడ్లీ గట్టిగా ఉంది. సిగ్నల్ దొరక్క బండి గుణదల దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయింది. ఎదుటి సీట్లో ఆవిడది ఆ ఊరేనట. నా ప్రయాణం సంగతి విని తన కొడుకు కిడ్నీ ఆపరేషన్ గురించి చెప్పింది.

"పొద్దున్నే కొండెక్కి మేరీమాతకి కొవ్వొత్తి వెలిగించానండీ. కిందికి దిగి ఆసుపత్రి కాగితాల మీద సంతకం పెట్టాను. రెండూ ఒకే పూట అయిపోయినియ్."

అన్నయ్యకి ఈవిడ బుద్ధిలో సగం ఉన్నా నాకీ ప్రయాణం తప్పేది అనుకున్నాను.

బెజవాడ చేరేసరికి పన్నెండు కావచ్చింది. పటమట వైపు, అన్నయ్యకి పరీక్ష చేసిన ఆసుపత్రికి ఆటో అతను రెండు వందలు అడిగి, నూట యాభైకి వచ్చాడు. నేను ల్యాబ్ కోర్సు చదివింది ఈ ఊళ్లోనే. ఆ రోజుల్లో గుండె జబ్బు అంటే మద్రాసు రైలే. ప్లాట్‌ఫారం మీద రోగిని పడుకోబెట్టి, బంధువులు విసనకర్రతో విసురుతూ కూర్చునేవారు. కొందరు ఆ రైలు దిగకుండానే పోయేవారు. మా వార్డుకి కొత్త ఇసిజి మిషన్ వస్తే పక్క వార్డుల నర్సులంతా చూడ్డానికి వచ్చారు. ఇప్పుడు అదే ఊళ్లో మణికట్టులోంచి సన్నటి తీగ పంపి, గుండెలో ఏముందో చూసి, మర్నాటికల్లా ఇంటికి పంపిస్తున్నారు. ఈ కథంతా వరసగా చెబితే అన్నయ్య నోరు మూతపడుతుందని నా ధీమా.

ఆపరేషన్ల తేదీలు చూసే అమ్మాయి బల్ల మీద కంప్యూటర్ ఉంది, దాని వెనక గోడకి పంచాంగం క్యాలెండర్ ఉంది.

"శుక్రవారం మొదటి కేసు ఖాళీ ఉందండీ. ముహూర్తం ఏమన్నా పెట్టించారా?" అంది.

"మీరు కూడానా!" అన్నాను.

"మేం అడక్కపోతే చివర్లో వాళ్లే అడుగుతారండీ. కాన్పయితే బిడ్డ బయటికొచ్చిన టైమే ముహూర్తం, గొడవే లేదు. గుండెకే చిక్కు. మత్తిచ్చేది లెక్కా, కోత పెట్టేది లెక్కా అంటారు. మాకేం తెలుసు?"

బుధవారం సాయంత్రంలోగా రోగి చేరకపోతే ఆ తేదీ వేరేవాళ్లకి ఇచ్చేస్తామని చెప్పింది. సరే రాసుకోమన్నాను, అన్నయ్య నా జేబులో ఉన్నట్టే.

బస్టాండు ఎదుట భోజనం చేశాను. ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు, నూట ముప్పై రూపాయలు. రెండు గంటలకి బందరు బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్ ఇస్తున్నారు, కార్డు మర్చిపోకండి. కంకిపాడు దాటాక రోడ్డంతా చెరకు ట్రాక్టర్లే. బందరులో బస్సు మారి పెడన చేరేసరికి ఐదుంపావు.

అన్నయ్య మగ్గాల గది ముందు మంచం మీద కూర్చున్నాడు. గదిలోంచి నాలుగడుగులు వచ్చినందుకే రొప్పుతున్నాడు. కాఫీ తాగి నా ఉపన్యాసం మొదలుపెట్టాను. మద్రాసు రైలు దగ్గర్నుంచి మణికట్టు తీగ దాకా ఏదీ వదల్లేదు. అన్నయ్య మర్యాదగా అంతా విన్నాడు.

"నువ్వు చెప్పేది అబద్ధమని కాదే రాజ్యం. డాక్టర్లంటే నమ్మకం లేకా కాదు. మూఢంలో కొత్త పని మొదలెట్టి బాగుపడినోణ్ణి నేను చూళ్లేదు."

"మరి ఫిబ్రవరి దాకా ఆగుతానని నీ గుండె చెప్పిందా?" అని అరిచాను. వదిన నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"అరిస్తే ఇంకా బిగుసుకుంటారు. రేపు ఉయ్యూరు సిద్ధాంతిగారి దగ్గరికి పోదాం," అంది.

సావిత్రి వదిన తక్కువ మాట్లాడే మనిషి. నలభై ఏళ్లుగా నేను మాట్లాడుతుంటే ఆవిడ వింటోంది. ఆ సిద్ధాంతిగారి చేత ఎలాగోలా ఒక ముహూర్తం పలికించాలని రాత్రంతా పథకం వేసుకున్నాను.

బుధవారం ఉదయం ఆరున్నరకి కారు మాట్లాడుకుని ముగ్గురం బయల్దేరాం. అన్నయ్యని బస్సెక్కించే ధైర్యం నాకు లేకపోయింది. పామర్రులో టీ తాగాం. ఉయ్యూరు చేరేసరికి ఎనిమిదింపావు. చక్కెర ఫ్యాక్టరీ ఆడుతోంది, ఊరంతా బెల్లప్పాకం వాసన. కారు ఆగగానే నేను ముందు దిగి, వరండాలో ఉన్న సిద్ధాంతిగారి దగ్గరికి గబగబా వెళ్లాను.

"ఏదో ఒక ముహూర్తం ఉందని చెప్పండి గురువుగారూ. ప్రాణం సంగతి."

డెబ్బై దాటిన మనిషి, నన్ను ఎగాదిగా చూశారు. "లేని ముహూర్తం చెప్పనమ్మా. జబ్బుకి వైద్యం చేయించుకోడానికి మూఢం అడ్డం రాదని మీ అన్నయ్యకి ఫోన్లో రెండుసార్లు చెప్పాను. నా మాటే వినట్లేదు."

జ్యోతిష్కుడి మీద దండెత్తుదామని వస్తే ఆయన నా పక్షానే ఉన్నారు. లోపల కూర్చున్నాక ఆయన అదే మాట మూడోసారి చెప్పారు. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"ప్రాణం మీదికొస్తే మీరన్నట్టే చేస్తానండీ. ఇప్పుడు తిరుగుతున్నాను, అన్నం తింటున్నాను. కోరి కోరి మూఢంలో మొదలెట్టడం దేనికి?"

సిద్ధాంతిగారు నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. శాస్త్రాలు రెండూ చేతులెత్తేశాయి. అప్పుడు వదిన నోరు తెరిచింది.

"సిద్ధాంతిగారూ, మూఢం రాకముందే మొదలెట్టిన పనిని మధ్యలో ఆపాలా అండీ?"

"అక్కర్లేదమ్మా. పునాది ముందే పడితే గోడలు లేపుకోవచ్చు."

"మరి ఈయనకి చేతికి సూది గుచ్చి గుండె దాకా తీగ పంపారు కదండీ. అది మూఢానికి ముందే అయ్యింది. ఆపరేషన్ పని ఆ రోజే మొదలైనట్టు కాదా?"

సిద్ధాంతిగారు తేదీ అడిగారు. నా బ్యాగులో ఆ పరీక్ష రిపోర్టు ఉంది, దాని మీద సమయం కూడా అచ్చయి ఉంది. ఆయన పంచాంగం తిప్పి, వేళ్ల మీద లెక్క వేసుకుని, తిథి మంచిదేనన్నారు, తారాబలం కూడా కుదిరిందన్నారు. వదిన అన్నయ్య వైపు తిరిగింది.

"ఏవండీ, పడుగు మగ్గానికెక్కాక మూఢం వచ్చిందని ఎప్పుడన్నా నేత ఆపారా?"

అన్నయ్య తన కుడి మణికట్టు చూసుకున్నాడు. సూది గుచ్చిన చోట కమిలిన మచ్చ ఇంకా పసుప్పచ్చగా ఉంది.

"ఆపలేదు," అన్నాడు. లేచి, చెప్పులేసుకుని, డ్రైవర్‌తో "బెజవాడ పోనీవయ్యా" అన్నాడు.

సంతోషంతో పాటు నాకు సిగ్గూ వేసింది. ముప్పై నాలుగేళ్ల అనుభవానికి తట్టని మాట అది. కారులో వదిన భుజం మీద తల ఆనించి కూర్చున్నాను, కంకిపాడు దాకా నోరు విప్పలేదు. నా జీవితంలో అదొక రికార్డు.

పదకొండు గంటలకల్లా ఆసుపత్రిలో చేర్చాం. గురువారం పరీక్షలు. శుక్రవారం ఉదయం ఎనిమిదికి అన్నయ్యని లోపలికి తీసుకెళ్లారు. తోడు వచ్చేవాళ్లకి ఎదురుగానే లాడ్జీ ఉంది, గది శుభ్రం, వేడినీళ్లు ఏడు లోపే వస్తాయి. నేనూ వదినా మాత్రం కింది హాల్లోనే కూర్చున్నాం. అక్కడ అద్దాల పెట్టెలో పాత గుండె యంత్రం ఒకటి పెట్టారు. గుండెని ఆపి పనిచేస్తున్నంతసేపూ రక్తాన్ని ఒంట్లో తిప్పేది అదేనని వదినకి చెప్పాను. "ఆపేస్తారా?" అని ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మళ్లీ కొట్టిస్తారని చెప్పాను. ల్యాబులో ఉన్నప్పుడు ఎన్నోసార్లు ఎందరికో తేలిగ్గా చెప్పిన మాట, ఆ రోజు రెండుసార్లు చెప్పాను, రెండోసారి నాకోసమే. మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ వచ్చి అంతా బాగా జరిగిందని చెప్పింది.

ఆదివారం సాయంత్రం గదిలోకి మార్చారు. సోమవారం నేను బయల్దేరుతుంటే అన్నయ్య బొంగురు గొంతుతో పిలిచాడు.

"నా గుండె ఆపి మళ్లీ కొట్టించారటగా. కొట్టించింది ఎన్నింటికో కనుక్కుని చెప్పు. సిద్ధాంతిగారి చేత కొత్త జాతకం రాయించుకుంటా."

తిట్టబోయి ఊరుకున్నాను. బల్ల దగ్గరి అమ్మాయిని అడిగితే, థియేటర్ రికార్డు చూసి మెసేజ్ పెడతానంది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఈ ఊరికి వైద్యం కోసం వచ్చేవాళ్లు మంచి రోజు చూసుకునే వస్తారు. నలభై ఏళ్లుగా నేను దాన్ని వెనకబాటుతనం అనుకున్నాను. భయపడ్డ మనిషికి ఆసుపత్రి మెట్లెక్కడానికి ఏదో ఒక ఆసరా కావాలని ఈ వారంలో నాకు తెలిసొచ్చింది. మెట్లెక్కాక చెయ్యాల్సింది డాక్టర్లు చేస్తారు, బాగా చేస్తారు.

గన్నవరం దాటాక మెసేజ్ వచ్చింది. పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాలు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలమని నాకే గుర్తొచ్చింది. పన్నెండూ ఐదు అని చెప్తే ఎవరికి నష్టం అనిపించింది. కానీ నా ఉద్యోగంలో ఒక్క శాంపిల్ మీద కూడా టైము మార్చి రాసి ఎరగను. వదినకి ఫోన్ చేసి, అన్నయ్య చెవి దగ్గర పెట్టమని, ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల అతని ఊపిరి మాత్రమే వినిపిస్తోంది. పెడన మంచం మీది రొప్పు అందులో లేదు.

"ఇంకేం," అన్నాడు చివరికి. "రాహుకాలం నన్నేం చేస్తుందే రాజ్యం, నేను పుట్టిందే అందులోగా!"

నవ్వబోతే కుట్లు లాగి "అబ్బా" అన్నాడు. నవ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా అని వదిన కేకలేస్తోంది. ఏలూరు వచ్చేదాకా నేను కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.