డిస్కు మీద నాలుగు చుక్కలు

పాతపట్నం దగ్గర కొండ దిగగానే ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. ఏ బండి వచ్చినా ఆ మెకానిక్ ముందు నీళ్ల గ్లాసులో వేళ్లు ముంచి, చక్రం డిస్కు మీద నాలుగు చుక్కలు చిలకరించేవాడు, అచ్చం పెనం కాలిందో లేదో చూసినట్టు.

కొండ మీది బడిలో టీచరుగా చేరిన కొత్తలో నేను స్కూటీ మీద దారంతా బ్రేకు నొక్కిపట్టుకునే దిగేదాన్ని. ఒక సాయంత్రం చివరి మలుపులో ఎంత నొక్కినా బండి ఆగలేదు. నేరుగా అతని షెడ్డు ముందున్న ఇసుక కుప్పలోకి దూసుకెళ్లాను. అతను పరుగున వచ్చి నన్ను లేపాడు. నాకేమీ కాలేదని చూసుకున్నాకే చుక్కలు చల్లాడు. సుయ్యిమన్నాయి.

"దోసె ఎయ్యొచ్చు టీచరమ్మా! ప్యాడ్లు మాడిపోనాయి. బ్రేకుకీ ఊపిరాడాల కదా? కూసింత నొక్కాల, వదిలేయాల."

ప్యాడ్లు మార్చాడు. ఆ రోజు నుంచి నేను దిగేసరికి గ్లాసుతో రోడ్డు మీదే నిలబడేవాడు. "ఇయ్యాల ఆమ్లెట్టు," అనేవాడు. మర్నాడు, "అప్పడం కాల్సుకోవచ్చు."

నెల తిరిగాక ఒక రోజు చుక్కలు చప్పుడు చేయకుండా జారిపోయాయి. అతను మళ్లీ చల్లాడు. ఊహూఁ. వెంటనే లోపలున్న భార్యకు వినబడేలా కేకేశాడు:

"ఒసే! టీచరమ్మ పెనం సల్లగున్నాదే! ఇంక వంట నీదే, టీ పెట్టు!"