రోమాతో కంచరపాలెం దాకా

సికింద్రాబాద్‌లో మా రైలు పొద్దున్న ఏడు దాటాక. అయిదింటికే పార్సిల్ ఆఫీసు దగ్గరున్నాం. కుక్కను రైల్లో తేవాలనుకునేవాళ్ళు అలా ముందుగానే వెళ్ళండి. మన టిక్కెట్టు, పశువైద్యుడి కాగితం చూపిస్తే దానికీ టిక్కెట్టు రాసి, చివరి పెట్టెలో గార్డు దగ్గరుండే ఇనుప గూట్లో ఎక్కిస్తారు. తిండీ నీళ్ళూ మనమే చూసుకోవాలి.

రోమా లాబ్రడార్ కుక్క. మా బావమరిది రమణ సైన్యంలో దాన్ని వెంటేసుకుని మందుపాతరలు వెతికేవాడు. అది ముసలిదైపోయింది, ఎవరైనా పెంచుకోవచ్చని సైన్యంవాళ్ళన్నారు. రమణేమో ఫోను అందని మంచుకొండల్లోకి బదిలీ అయిపోయాడు. ఇంటర్ చదివే మా అమ్మాయి హేమ పట్టుబట్టింది. "మావయ్య కుక్కని ఇంకెవరికో ఇచ్చేత్తే నాను ఊరుకోను" అంది. విశాఖ కంచరపాలెంలో మా రెండు గదుల ఇంట్లో కుక్కేమిటని నేను అరిచాను. సికింద్రాబాద్‌కు ఒక్కదాన్నే వెళ్తానంది. తప్పక బయల్దేరాను.

ముందురోజు అప్పగింతలయ్యాయి. హేమ రోమాతో మైదానంలో ఉండగా ఒక జవాను నన్ను పక్కకు పిలిచి హిందీలో చాలాసేపు మాట్లాడాడు. గిన్నె చూపించి ఏదో రెండుసార్లు చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అచ్ఛా అచ్ఛా అని తలూపాను. హేమ అడిగితే, జాగ్రత్తగా చూసుకోమన్నాడని చెప్పేశాను.

విజయవాడలో మధ్యాహ్నం. రైలు కాసేపు ఆగుతుంది కాబట్టి పెరుగన్నం పట్టుకుని చివరి పెట్టెకు పరిగెత్తాం. రోమా గిన్నె వైపు చూసి మొహం తిప్పుకుంది. నీళ్ళు మాత్రం రెండు గుక్కలు తాగింది. ముసలి ప్రాణం, ఇల్లు చేరుతుందో లేదో అన్నాడు గార్డు. హేమ కూడా అన్నం ముట్టలేదు.

మా ఎదుటి సీట్లో విశాఖ దగ్గరి యారాడ ఊరావిడ, కూతుర్ని చూసి వస్తోంది. సంగతి విని తన టిఫిన్ డబ్బాలోంచి రెండు వేపుడు ముక్కలు తీసి, ముళ్ళు ఏరి ఇచ్చింది. "సేప సూత్తే ఆగుతాదేటి, అట్టుకెళ్ళు పాపా" అంది.

రాజమండ్రిలో చేప పెట్టాం. రోమా నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది. నోరు మాత్రం తెరవలేదు.

సీటుకు తిరిగొచ్చాక, ఇది బతకదు, రేపే వెనక్కి పంపేద్దాం అన్నాను. "పంపితే దాంతో నన్నూ పంపీ" అంది హేమ. తర్వాత నా మొహంలోకి చూసింది. "దానికి ఆకలుంది నాన్నా. ఎవరో తినమనాలని సూత్తంది. ఆ సిపాయి నీకేటి సెప్పాడు?"

బండి గోదావరి వంతెన ఎప్పుడో దాటేసింది. ఇక దాచి లాభం లేదు. "నాకు హిందీ రాదమ్మా. వచ్చినట్టు తలూపాను."

యారాడ ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. "తెలీదని సెప్తే నీ మీసం ఊడిపోద్దేటయ్యా?"

హేమ నవ్వలేదు. వెంటనే అప్పగింత కాగితం మీదున్న యూనిట్ నంబరుకు ఫోను చేసింది. బడిలో నేర్చుకున్న హిందీతో అడిగింది. విషం పెడతారన్న భయంతో, పరాయివాళ్ళ చేతి తిండి ముట్టకుండా వీటికి నేర్పుతారట. కొత్త యజమాని గిన్నె నేల మీద పెట్టి, మెడ మీద చెయ్యి వేసి, తినమని 'ఖావో' అనాలట. ఈ మాట నిన్న మీ నాన్నకి రెండుసార్లు చెప్పానే అని జవాను ఆశ్చర్యపోయాడట.

సామర్లకోటలో బండి ఆగేది కాసేపే. ఈసారి నేనే ముందు పరిగెత్తాను. గూడు తలుపు తీయించి, అన్నం గిన్నె నేల మీద పెట్టి హేమను పిలిచాను. "నువ్వే సెప్పు నాన్నా" అని హేమ పక్కకు జరిగింది. రోమా మెడ మీద చెయ్యి వేశాను. 'ఖావో' అన్నాను. అది నన్ను ఓసారి చూసి, తల వంచి, గిన్నె ఖాళీ చేసింది. కూత వినబడగానే దొరికిన పెట్టెలోకి ఎక్కేశాం.

విశాఖ చేరేసరికి చీకటి పడింది. స్టేషను బయట ఇద్దరు ఆటోవాళ్ళు కుక్కను చూసి రామన్నారు. మూడోవాడు రోమా నెరిసిన మూతిని చూసి నవ్వాడు. "ఈ ముసల్దాన్ని ఏటి సేసుకుంటావు బావా? కాపలాకైనా పనికొత్తాదా?"

ఇందాకటిదాకా ఆ మాట నాదే. వాడి నోట వింటే ఒళ్ళు మండింది.

"ఏటీ పనికిరాదు. అది సెయ్యాల్సినవన్నీ సేసేసింది, ఇక తిని పడుకుంటాది" అన్నాను. "ఎక్కించుకుంటే ఎక్కించుకో. లేపోతే ముగ్గురం నడిసెల్లిపోతాం."

నడిచే వెళ్ళాం.