రంగు తిరిగిన పాలపొడి

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక అదే ఊళ్లో తాల్‌బగీచా అనే పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అమ్మా, ఆయనా, నేనూ. మూడో ఏడు ఆయనకి అన్నవాహికలో కేన్సర్ వచ్చింది. గుటక దిగడం మానేసింది. డాక్టర్లు పొట్టకి ట్యూబు పెట్టారు. పాలు, గంజి, మందులు అన్నీ అందులోంచే.

నేను ఊళ్లోనే ఒక ల్యాబులో స్ప్రే డ్రయర్ నడుపుతాను. పాలను సన్నటి తుంపరగా వేడిగాలిలోకి చిమ్మితే పొడై రాలుతుంది. ఆ చలికాలం పాలలో ఈతరసం కలిపి ఆరబెడుతున్నాం. మొదటిసారి వేడి ఎక్కువై పొడి ఎర్రగా దిగింది. పాలలోని ప్రోటీనూ చక్కెరా వేడికి కలిసి అలా రంగు తిరుగుతాయనీ, వాసన కమ్మగా ఉన్నా బలం తగ్గుతుందనీ మా ల్యాబు సార్ చెప్పి, పారేయమన్నారు. ఆయన్నడిగి రెండు చెంచాలు పొట్లం కట్టి ఇంటికి తెచ్చాను.

నాన్న పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మీ యమ్మ పరమాన్నం అడుగంటినప్పటి వాసన" అన్నాడు. "ఇదే కలిపి పొయ్యమ్మా."

"ఇందులో బలం ఉండదు నాన్నా. తెల్లగా చేసి తెస్తాను."

"ట్యూబులో ఎల్లేదానికి రుసేటి తెలుస్తాది? వాసనకే అడుగుతున్నాను."

నేను వినలేదు. పొట్లానికి తేమ పడితే పారేశాను. సార్ ఒప్పుకోవడంతో, వేడి తగ్గించి ఆరబెట్టిన తెల్లపొడి రోజూ తెచ్చి, కలిపి, ట్యూబులో పోశాను. నాన్న ఇంకో రెండుసార్లు ఎర్రపొడి అడిగాడు. "కొంచెం కోలుకో, తెస్తాను" అన్నాను. బరువు మాత్రం తగ్గుతూనే ఉంది. తర్వాత ఆయన అడగడం మానేశాడు. అప్పుడు భయమేసింది.

మర్నాడే కావాలని వేడి పెంచి పొడి చేశాను. ఇంటికొచ్చి వేణ్ణీళ్లలో కలిపి గ్లాసు ఆయన ముక్కు దగ్గర పెట్టాను. కళ్లు మూసుకుని పీల్చాడు. మళ్లీ పీల్చాడు.

"ఏటీ తెలట్లేదమ్మా" అన్నాడు. నా ముఖం చూసి, "రంగు మాత్రం బాగొచ్చినాది" అన్నాడు.

గ్లాసు చల్లారిపోయింది. పారబోయబోతే అమ్మ తీసుకుని, అటు తిరిగి నిలబడి తాగేసింది.

పదిరోజులకి నాన్న పోయాడు. ఆ మొదటి పొట్లం ఆయన తలగడ పక్కనే ఉంచేస్తే నీకేం పోయేదని అమ్మ నన్ను ఏనాడూ అడగలేదు. నన్ను నేనే అడుగుతూ ఉంటాను.