అయిదున్నర కాంగనే ఒర్రుడు

నిన్న పొద్దుగూకంగ నేను మా ఇంటి మెట్ల మీదనే కూలబడ్డ. మీదికి ఇంక నాలుగు మెట్లే ఉన్నయ్, అయినా కాళ్లు రాలే. ఇంట్లకెల్లి ఇనబడ్డ సప్పుడు అట్లాంటిది. ఏం సప్పుడో ఇప్పుడే అడగకుండ్రి. ఛాయ్ తాక్కుంట ఇనుండ్రి, మొదటికెల్లి చెప్త. నవ్వద్దు మల్ల.

మేము నకిరేకల్ వచ్చి నెల కావొస్తాంది గద. అంతకుముందు మా ఆయనకు లారీ డ్యూటీ, నెలకు రెండు దినాలు ఇంట్ల ఉంటె ఎక్కువ. అందుకని నేను కాన్పుకు చిట్యాల అవుతల మా తల్లిగారింటికి పోయి, బుడ్డది పుట్టినంక గూడ ఏడాదిన్నర ఆడనే ఉన్న. ఇప్పుడు ఆయనకు ఈడ రైస్ మిల్లుల పని దొరికింది. మేడ మీద రెండర్రలు కిరాయికి తీస్కున్నం. నేను ఇంట్లనే మిషన్ పెట్టుకొని జాకెట్లు కుడుతున్న.

కింద ఓనరమ్మ, వాళ్ల సారు ఉంటరు. ఓనరమ్మ రిటైరైన టీచర్. ఇప్పటికి గూడ మనం మెట్లెక్కుతుంటె లైన్ల పోతున్నమా లేదా అన్నట్టు చూస్తది. వచ్చిన రోజే అడిగింది, "మీ తల్లిగారోళ్లు ఏం చేస్తరమ్మా?" అని. "వ్యవసాయం ఆంటీ" అన్న. అబద్ధం గాదు, రెండెకరాలు ఉంది. నూటిరువై గొర్లు గూడ ఉన్నయని మాత్రం చెప్పలే. ఆ ఇల్లు, ఆ మెరిసే బండలు చూసినంక నోరు రాలే నాకు.

ఇగ చూడుండ్రి. వచ్చిన రెండో రోజు, సాయంత్రం అయిదున్నర. నేను జాకెట్ కుడుతున్న. బుడ్డది కిటికీ ఊచలు పట్టుకొని నిలబడి ఒక్క కేక పెట్టింది. నా గుండె జారి మిషన్ కింద పడ్డది. కుడుతున్న జాకెట్ చెయ్యి తిరగేసి కుట్టిన, కుడిచెయ్యి ఎడమకు పోయింది. ఉరికి ఎత్తుకున్న. చీమ కుట్టిందేమో అని గౌను ఇప్పి దులిపిన. కడుపు ఒత్తి చూసిన, చెవు పట్టి చూసిన. ఏం లేదు. అది మాత్రం ఒకటే ఒర్రుడు. నా మొఖం చూసుడు, ఒర్రుడు. ఆరున్నర కాంగనే బంద్. అన్నం పెడితె సక్కగ తిన్నది, చప్పట్లు కొట్టుకుంట ఆడుకున్నది.

తెల్లారి మల్ల అయిదున్నరకే. ఆ తెల్లారి గూడ. పిల్లకు గడియారం చూసుడు ఎవరు నేర్పిన్రో నాకు తెల్వదు.

మధ్యాహ్నం దవాఖానకు తీస్కపోతె బుడ్డది డాక్టర్ చేతిల పెన్ను గుంజుకొని నవ్వుతాంది. "ఒర్రేటప్పుడు తీస్కరామ్మా" అన్నడు. సరే అని మర్నాడు అయిదుంపావుకే పోయి కూసున్న. టైమ్ అయింది, ఇది మొదలు పెట్టింది. బయట కూసున్న పేషెంట్లు సగం మంది లేచి రోడ్డు మీదికి పోయిన్రు. డాక్టర్ చెవుల లైటేసి చూసిండు, గొంతుల చూసిండు. "కంట్ల నీళ్లు లేవు చూడు. గొంతు బ్రహ్మాండంగ ఉంది" అన్నడు. అది నాకు గూడ ఎరికే సార్, మా గల్లి మొత్తానికి ఎరికే.

ఉప్పు, మిరపకాయలు తీసి దిష్టి తీసిన. మిరపకాయల ఘాటుకు నేను దగ్గిన, మా ఆయన దగ్గిండు, అది మాత్రం దగ్గకుంట ఒర్రింది. జాకెట్లు కుట్టిచ్చుకునే షాహిన్ ఆపా పాపం దర్గాకు పోయి తాయెత్తు తెచ్చిచ్చింది. తాయెత్తు నోట్ల పెట్టుకొని మరీ ఒర్రింది.

పదిహేనో రోజు ఓనరమ్మ మీదికొచ్చింది. గడప అవుతలనే నిలబడి, "ఏమ్మా, పిల్లను కొడుతున్నవా?" అన్నది.

ఒక్క దెబ్బ గూడ ఎయ్యలే నేను దాన్ని. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "లేదాంటీ, ఒట్టు" అన్న. ఆమె ఇన్నదో లేదో. "సారుకు బీపీ ఉంది. నెలాఖరు దాంక చూస్త. ఇట్లనే ఉంటె వేరే ఇల్లు చూస్కోండ్రి" అని దిగిపోయింది.

ఇంకో ఇల్లు యాడ దొరుకుతది? రెండిండ్లు అడిగినం. "మీదేనా ఆ ఒర్రే పిల్ల?" అన్నరు. ఈ గల్లిల నాకు గిరాకీ ఇప్పుడిప్పుడే అందుకుంటాంది. మా ఆయనకు మిల్లు దగ్గర. ఇది పోతె ఆయన మల్ల లారీ ఎక్కాలె, నేను మల్ల పిల్లను చంకనేసుకొని తల్లిగారింటికి పోవాలె.

మర్నాడు అయిదున్నరకు మా బాపు వీడియో కాల్ చేసిండు. "ఏదీ బిడ్డా, అదెట్ల ఒర్రుతాందో సూపియ్యి" అన్నడు. నేను ఫోన్ దాని దిక్కు తిప్పిన. ఫోన్ల బాపు ఎనుక దొడ్డి. మంద అప్పుడే ఇంటికొస్తాంది, గొర్లు "బ్యా… బ్యా…" అనుకుంట దొడ్లకు ఉరుకుతున్నయ్.

బుడ్డది టక్కున ఆపింది. ఫోన్‌ల మొఖం పెట్టి కిలకిల నవ్వింది.

నేను ఫోన్ దాని చేతికే ఇచ్చిన.

బాపు నవ్వుడు ఆపుతలేడు. "పిచ్చిదానా, తల్లిగొర్లు పొద్దుందాంక మేతకు పోతయ్, పిల్లలు దొడ్లనే ఉంటయ్. అయిదున్నరకు మంద వచ్చే యాళ్లకు పిల్లలన్నీ ఒర్రుడు మొదలు పెడ్తయ్. తల్లి పలికి, పిల్ల కాడికొచ్చి పాలిచ్చేదాంక ఆపయ్. నీ బిడ్డ నడక నేర్సిందే ఆ పిల్లల నడుమ. అవి ఒర్రితె ఇది ఒర్రేది. ఆ గోలల నీకు తెల్వలే. అది ఏడుస్తలేదు బిడ్డా, పిలుస్తాంది. నువ్వే పలుకుతలేవు."

పదహారు దినాలు. దవాఖాన, దిష్టి, తాయెత్తు. పలికితె అయిపోతుండెనా!

"ఎట్ల పలకాలె బాపూ?"

"ఎట్లేంది, గొర్రె లెక్క పలుకు. అది గూడ నేను నేర్పాల్నా?"

ఓనరమ్మ ఇంట్ల గొర్రె లెక్క ఒర్రుడా? నాకు సిగ్గనిపించింది. బాపు తోటి మంద సప్పుడు రికార్డు చేయించి పంపించుకున్న. అయిదున్నరకు ఫోన్ పెద్ద సౌండుల పెట్టిన. బుడ్డది సల్లగ ఆడుకున్నది. గెలిచినం అనుకున్న.

మూడో రోజు తలుపు దబదబ కొట్టిన్రు. తీస్తె ఓనరమ్మ. "మేడ మీద మేకలు పెట్టిన్రా?" అన్నది. నేను నోరు తెరిచే లోపట్నే లోపలికొచ్చి బాత్రూం తలుపు తీసి చూసింది. మంచం కింద వంగి చూసింది. ఆఖరికి బియ్యం డబ్బా మూత గూడ తీసింది. బియ్యం డబ్బాల మేక ఎట్ల పడ్తది చెప్పుండ్రి!

సరిగ్గ అప్పుడే ఫోన్ చార్జింగ్ అయిపోయింది. మంద సప్పుడు ఆగింది. బుడ్డది నా దిక్కు చూసి నోరు తెరిచింది, ఇల్లు అదిరిపోయింది. ఎదురుంగ ఓనరమ్మ, చేతిల డబ్బా మూత. పలకకపోతె ఇల్లు పోతది. పలికితె ఇజ్జత్ పోతది. ఇల్లు ఉంటె ఇజ్జత్ మల్ల సంపాయించుకోవచ్చు అనుకొని కండ్లు మూస్కొని "బ్యా…" అన్న.

బుడ్డది బంద్. నా కాళ్లు గట్టిగ పట్టుకున్నది. కండ్లు తెరిచి చూస్తె ఓనరమ్మ మూత మెల్లగ డబ్బా మీద పెట్టి, దిగిపోయింది. ఇగ అయిపాయె, సామాన్లు సర్దుకునుడే అనుకున్న. వారం దినాలు ఆమె నాతోటి మాట్లాడలే. నేను మాత్రం సిగ్గిడిసి దినాం పలికిన. మా ఆయన గూడ ఒకసారి ట్రై చేసిండు. "మే…" అన్నడు. బుడ్డది ఆయన మొఖం చూసి ఇంక గట్టిగ ఒర్రింది. "అది మేకయ్యా, గొర్రె గాదు" అన్న. ఆయన దిక్కోళ్లది కిరాణం దుకాణం, ఆయనకేం తెలుస్తది పాపం.

నిన్న మా ఆయనకు సెలవుంటె పిల్లను ఆయన కాడ ఇడిసి లైనింగ్ బట్టకు నల్లగొండ పోయిన. వచ్చేటప్పుడు బస్సు టైర్ పంచర్. అయిదున్నర దాటింది. ఫోన్ చేస్తె మా ఆయన, "ఎంత పలికినా ఇంటలేదే, ఓనరమ్మ మీదికొస్తాంది…" అన్నడు, కట్ అయింది. ఇగ నా పానం పానంల లేదు. నెలాఖరుకు నాలుగు రోజులే ఉంది. బస్టాండుల దిగి ఉరికిన. మెట్ల కాడికొచ్చేసరికి ఆరుంపావు.

పిల్ల ఒర్రుడు లేదు. మీదికెల్లి సప్పుడొస్తాంది, "బ్యా…" అని. ఫోన్ సప్పుడు గాదు. మా ఆయన గొంతు గాదు. అప్పుడే నేను మెట్ల మీద కూలబడ్డది.

ఎట్లనో లేచి పోయి తలుపు కాడికెల్లి చూసిన. మా ఆయన మూలకు చేతులు కట్టుకొని నిలబడ్డడు. ఓనరమ్మ మెరిసే బండల మీద కూసొని ఉంది, కండ్లద్దాలు నెత్తి మీద, బుడ్డది ఒడిల. మల్లొకసారి "బ్యా…" అన్నది, బుడ్డది చప్పట్లు కొట్టింది.

నన్ను చూసి కండ్లద్దాలు కిందికి దించుకున్నది. "మీ ఆయన అంత చెప్పిండు. నూటిరువై గొర్లుంటె చెప్పుకోవడానికేందమ్మా? అవి గూడ అయిదున్నరకల్ల పిల్ల కాడికొస్తయట. నువ్వు ఆరుంపావుకు వస్తున్నవు" అన్నది.

"ఆంటీ, మరి ఇల్లు…" అన్న.

"ఖాళీ చేసుడేంది? నువ్వు యాడికన్న పోతె ముందుగాల నాకు చెప్పి పో. మీ ఆయనది ఉత్త మేక."

బుడ్డదాన్ని నా చేతిల పెట్టి, పోతపోత మెట్ల కాడ ఆగి ఎనుకకు తిరిగింది. "నీది గూడ అంత బాగలేదమ్మా. పెదవుల కెల్లి అంటున్నవు, కడుపుల కెల్లి రావాలె. రేపు అయిదుంపావుకు కిందికి రా, చెప్త" అన్నది.

నూటిరువై గొర్ల నడుమ పుట్టి పెరిగిన దాన్ని నేను. ఇప్పుడు గడియారం చూడుండ్రి, అయిదైతాంది. ఇగ నేను పోతున్న, ట్యూషన్ ఉంది.